మందు సంచులు

వాన దిగకముందే కవిత చేయవలసిన పనులు చాలా ఉన్నాయి. వాగులో మునిగి ఉన్న సంచుల తాళ్లు సడలాయేమో చూడాలి. కుంటలో గూటాలు ఒరిగి ఉంటే మళ్లీ దిగ్గొట్టాలి. తెల్లవారుతుండగా ఒకసారి, ఎండెక్కాక ఒకసారి నీళ్లలో మీటరు ముంచి ఆక్సిజన్ ఎంతుందో రాసుకోవాలి. సీసాల్లో నీళ్లు పట్టి ఐసు డబ్బాలో సర్దాలి. అశ్వారావుపేటలో ఐసు దొరక్కపోతే చేపల బండివాళ్లను బతిమాలాలి. సంచుల వైపు బర్రెల్ని తోలొద్దని కాసేవాళ్లకు ఇంకోసారి చెప్పాలి. మణుగూరులో ఉన్న నాన్నకు ఫోన్ చేయాలి. సంచులకు కాపలా ఉండే చాందికి మోకాళ్ల నొప్పుల మాత్రలు కొనాలి.

వీటిలో అయింది మాత్రలు కొనడం ఒక్కటే. మిగతావి మొదలుపెట్టేలోగా తొలకరి దిగిపోయింది. సాయంత్రం మొదలైన వాన పొద్దుపోయేదాకా దంచి కొట్టింది. మర్నాడు పొద్దున్నే కవిత రాళ్లకుంట తండా మలుపులో ఆటో దిగి, బురదలో చెప్పులు చేతపట్టుకుని నడిచి వచ్చేసరికి కుంట గట్టు మీద జనం గుమిగూడి ఉన్నారు.

కుంట నీళ్లు డికాషన్ రంగులో ఉన్నాయి. ఒడ్డు పొడవునా చేపలు తెల్లపొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. రవ్వలు, బొచ్చెలు, అరచేతంత బంగారుతీగలు. కొన్ని ఇంకా చావలేదు. నోళ్లు నీటి పైకి పెట్టి గుటకలు వేస్తున్నాయి. చేపల సొసైటీ పెద్ద దూలయ్య మోకాలి లోతు నీళ్లలో నిలబడి, పనికొచ్చేవీ పనికిరానివీ విడదీస్తూ ట్రేల్లోకి విసురుతున్నాడు. కవితను చూసి చేతిలో చేపను ఒక్కసారి ఎత్తి చూపించాడు.

"మందు మంచిగనే పనిజేసింది మేడం."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. ఏం మందు అని అడిగింది.

"మీ సంచులల్ల మందు," అన్నాడు దూలయ్య, చేపను ట్రేలో పడేస్తూ. "మందు అంటే మావోళ్లు తాగుతరని భయపడ్డ గని, ముందుగాల చేపలు తాగినయ్."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వనివాళ్లు కవితను తేరిపార చూశారు.

ఆ సంచుల సంగతి ఇక్కడ చెప్పాలి. కవిత యూనివర్సిటీ వాళ్ల ప్రాజెక్టులో ఫీల్డ్ అసిస్టెంటు. అడవిలో రాలిన ఆకు నీళ్లలో పడితే ఎన్నాళ్లకు ఎంత కరుగుతుంది, అందులో ఉన్న కర్బనం ఎటు పోతుంది అన్నది ఆ ప్రాజెక్టు. టేకు, నల్లమద్ది, తునికి ఎండుటాకులు తూకం వేసి, దోమతెర గుడ్డతో కుట్టిన సంచుల్లో పెట్టి, వాగులోనూ కుంటలోనూ గూటాలకు కట్టి ముంచారు. అప్పుడప్పుడూ కొన్ని సంచులు తీసుకెళ్లి, ల్యాబులో కడిగి ఆరబెట్టి, మిగిలిన ఆకును మళ్లీ తూస్తారు. ఎండాకాలమంతా అలా తీశారు. వానలు బాగా పడ్డాక తీయవలసిన ఆఖరి విడత సంచులే ఇప్పుడు నీళ్లలో ఉన్నాయి. అవి లేకపోతే ముందు తీసినవాటి లెక్క తలలేని మొండెం.

ఆ సంచులకు కాపలా చాంది. తండాలో చివరి ఇల్లు ఆమెది. చిన్నమ్మను అక్కడ కాకి అంటారు కాబట్టి కవితకూ ఆమె చాంది కాకి. మేకలు కాసుకుంటూ గట్టు మీదే ఉంటుంది కదా అని కవితే పెట్టించింది. మొదట్లో రోజుకో సంచి మాయమయ్యేది. దోమతెర గుడ్డ పరిగె చేపలు పట్టుకోవడానికి బాగుంటుందని పోరగాళ్లు కోసుకుపోయేవాళ్లు. చాంది తిట్టి చూసింది, కర్ర పట్టుకుని తరిమి చూసింది. ఒకనాడు ఊరికే గట్టు మీద కూర్చుని, ఎవరితోనో చెప్తున్నట్టుగా, అవి మందు సంచులని, ముట్టుకున్నవాళ్ల చేతులు పుండ్లు పడతాయని అంది. ఆ తర్వాత ఒక్క సంచీ పోలేదు. కవితకు ఆ సంగతి చెప్పి చాంది చాలాసేపు నవ్వింది. కవిత కూడా నవ్వింది. ఫోన్‌లో ప్రాజెక్టు సారు ఉదయ్ భాస్కర్‌కు చెబితే ఆయనా మెచ్చుకున్నాడు.

ఇప్పుడు చాంది గట్టు చివర రాయి మీద ఒక్కతే కూర్చుని ఉంది. ఆమె చుట్టూ రెండు మంచాలు వేసేంత జాగా ఖాళీగా ఉంది. ఎదురుగా చెంచురామయ్య నిలబడి ఉన్నాడు. కుంటకు ఎగువనున్న పామాయిల్ తోట ఆయనదే. ఆయన తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుటుంబం. కుంటలో పోసిన చేపపిల్లల్లో సొసైటీతో పాటు ఆయనకూ వాటా ఉంది. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ అడిగాడు.

"నేనెవర్నీ అనట్లేదు చాందీ. ఆ సంచుల్లో మందుందని నువ్వే అన్నావంట. అన్నావా, లేదా?"

"అవ్," అంది చాంది. "అన్న."

పోరగాళ్లు ముట్టకూడదని అన్నానని ఆమె తర్వాత చెప్పిన మాట దగ్గరున్న కవితకు వినపడింది గానీ, అప్పటికే అందరూ ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు. మంగకాయ పేరు వచ్చింది. మంగకాయ దంచి మడుగుల్లో పోసి చేపలు పట్టడం ఈ అడవి ఊళ్లలో పాత అలవాటే. చాంది మొగుడు బతికున్నప్పుడు ఆ పనిలో చెయ్యి తిరిగినవాడు. కవిత మధ్యలో దూరి, సంచుల్లో ఉన్నది ఎండుటాకు తప్ప ఇంకేం కాదని చెప్పబోయింది. ఆకైతే ఏ ఆకు, ఎవరు చూశారు అన్నారు.

తండా పెద్ద హీరాలాల్ చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. గురువారం కూర్చుందామన్నాడు. అప్పటిదాకా చాంది గట్టెక్కొద్దు, ఆమె మేకలు కూడా. ఆ రోజు తేలకపోతే స్టేషన్‌కు కాగితం పెడతామని దూలయ్య అన్నాడు. హీరాలాల్ దానికి అవుననలేదు, కాదనలేదు.

చాంది లేచి, కొంగు దులుపుకుని, మేకల్ని అదిలిస్తూ గట్టు దిగిపోయింది.

మర్నాడు కవిత వెళ్లేసరికి చాంది బోరింగు దగ్గర నుంచి బిందె మోసుకొస్తోంది. ఒక్కో అడుగుకు ఎడమకాలు ఈడుస్తోంది. మేకలు వాకిట్లో ఆగడం లేదు. తాళ్లు తెంచుకునేలా కుంట వైపే గుంజుతున్నాయి. చాంది తొట్టిలో నీళ్లు పోస్తే అవి వాసన చూసి తల తిప్పుకున్నాయి.

"పంచాయితీల ఏం చెప్పిన్రో వీటికెట్ల చెప్పాలె బిడ్డా? లంబాడి మాటల చెప్పిన, తెలుగుల చెప్పిన. వింటలేవు."

కవిత బిందె అందుకోబోతే ఇవ్వలేదు. మాత్రల పొట్లం మాత్రం తీసుకుని రవికలో దోపుకుంది. గురువారం తాను వచ్చి అందరికీ చెప్తానని కవిత అంది. సంచుల్లో మందు లేదంటే నమ్మరా అంది.

"ఎట్ల నమ్ముతరు? ఉన్నదని చెప్పింది నేనే. మస్తు ధీమాగ చెప్పిన." చాంది తొట్టి అంచున కూర్చుని మోకాలు నొక్కుకుంది. "మా ఆయన మంగకాయ పోస్తే ఊరంత తిన్నరు. కొర్రమట్టలు పంచిపెట్టిండు ఇంటింటికి. ఇయ్యాల ఆయన పేరు నాకు తగిలిచ్చిన్రు."

కవితకు నిలబడబుద్ధి కాలేదు, కూర్చోబుద్ధి కాలేదు. బ్యాగులోంచి మీటరు తీసుకుని కుంట వైపు నడిచింది. ఒడ్డు వెంట ఆగి ఆగి తీగను నీళ్లలోకి వదులుతూ, అంకె నిలిచేదాకా ఊపిరి బిగబట్టి చూస్తూ పోయింది. అలుగు వైపు కొంత ఊపిరి ఉంది నీళ్లలో. పైకి పోతున్నకొద్దీ అంకె తగ్గుతోంది. తోట కాలువ కుంటలో కలిసే చోట దాదాపు సున్నా. తీగ పాడయిందేమోనని గాలిలో ఆడించి మళ్లీ ముంచింది. మళ్లీ అదే.

కాలువ వెంట ఎగువకు నడిచింది. తోట అంచున, ట్రాక్టరు తిరిగే మలుపులో, గింజలు ఒలిచేసిన ఖాళీ పామాయిల్ గెలల కుప్ప ఇల్లెత్తున ఉంది. నూనె మిల్లు దగ్గర వదిలేసే గెలల్ని రైతులు తెచ్చుకుని చెట్ల మొదళ్లకు వేసుకుంటారు, మంచి ఎరువు. నీళ్లు పెట్టిన తోట లోపల బురదగా ఉండి ట్రాక్టరు దిగబడుతుందని చెంచురామయ్య పాలేర్లు మలుపులోనే దింపేసినట్టున్నారు. ముందు ఎండాకాలమంతా మాగి, తర్వాత వానకు నాని, కుప్ప అడుగు నుంచి నల్లటి రసం కారుతోంది. కాలువ నిండా అదే. ఒక వాసన, కుళ్లిన గుడ్డు వాసన లాంటిది.

కవిత అక్కడే నిలబడి ఉదయ్ భాస్కర్‌కు ఫోన్ చేసింది. సిగ్నల్ కోసం అటూ ఇటూ తిరుగుతూ, మాటలు తెగిపోతూ ఉండగా చెప్పింది. ఆయన శ్రద్ధగానే విన్నాడు. ఆమె అనుకున్నది నిజమే అయి ఉంటుందన్నాడు. మీటరు అంకెలు చూపించు, చాలు అన్నాడు. అంకెలతో నమ్మకపోతే సంచులు విప్పి చూపిస్తానని ఆమె అనేసరికి ఆయన గొంతు మారింది.

"కవితా, మన పని కర్బనం లెక్క. ఊరి తగువు కాదు. ఆఖరి విడతలో ఒక్క సంచి గట్టు మీద విప్పినా విడత మొత్తం ఇక ల్యాబుకు పనికిరాదు. అది లేకపోతే ప్రాజెక్టు పొడిగించరు. పొడిగించకపోతే నీ పోస్టూ ఉండదు. నేను బెదిరించట్లేదు, ఉన్నమాట చెప్తున్నా."

ఆయన బెదిరించడం లేదని ఆమెకూ తెలుసు. తిరిగి వస్తూ నాన్నకు ఫోన్ చేసింది. ఆయన బొగ్గు గనిలో కాంట్రాక్టు పనికి వెళ్లే వేళ. ఉద్యోగం పర్మినెంటు ఎప్పుడు చేస్తారని ఎప్పుడూ అడిగేదే అడిగాడు. సార్లు చెప్పినట్టు విను బిడ్డా అన్నాడు. అట్లనే నాన్నా అంది. ఆటో కోసం మలుపులో నిలబడలేక, అశ్వారావుపేట రోడ్డు మీద చాలా దూరం నడుస్తూనే పోయింది. వెనకనుంచి ఆటో వచ్చి హారన్ కొట్టినా వినిపించుకోలేదు.

గురువారం గట్టు మీదే కూర్చున్నారు. చాందిని గట్టెక్కనివ్వలేదు కాబట్టి ఆమె కింద, తుమ్మ కంపల పక్కన, మేకల మధ్య నిలబడింది. ఆమె విషయం మాట్లాడుతున్న మనుషుల పాదాలే ఆమెకు కనబడుతున్నాయి.

కవిత ముందు మీటరు చూపించింది. ఇక్కడింత, అక్కడింత అని చదివింది. చెంచురామయ్య కళ్లద్దాలు పెట్టుకుని మర్యాదగా చూశాడు. దూలయ్య చూడనైనా లేదు.

"ఆ డబ్బ నీది. నువ్వేది చెప్పుమంటే గదే చెప్తది."

"సరే, డబ్బా వద్దు," అంది కవిత. "దూలయ్య మామా, చచ్చిన చేపలల్ల కొర్రమట్ట ఉన్నదా?"

దూలయ్య నోరు తెరిచి, ఆలోచించి, పక్కవాళ్ల మొహాలు చూశాడు.

"లేదు."

"మంగకాయ పోసేది దేనికోసం?"

"కొర్రమట్ట కోసమే," అన్నారెవరో వెనకనుంచి.

"కొర్రమట్ట పైకొచ్చి గాలి మింగుతది. నీళ్లల్ల ఊపిరి లేకున్నా బతుకుతది. రవ్వ, బొచ్చె బతకయ్. ఇది మందు కాదు. నీళ్లకు ఊపిరాడలే."

కొందరు తలలూపారు. దూలయ్య మాత్రం, కొర్రమట్టలు బురదలో దూరి ఉంటాయి, మందు అక్కడికి పోలేదేమో అన్నాడు. మళ్లీ అందరి తలలూ అటు తిరిగాయి. హీరాలాల్ బీడీ ఆర్పేసి, కవిత వైపు చూసి, ఇంక చెప్పేదేమైనా ఉందా అని అడిగాడు.

కవిత చున్నీ నడుముకు బిగించి నీళ్లలోకి దిగింది.

వాగు నుంచి ఒక సంచి పొద్దున్నే తెచ్చి తడిగుడ్డలో చుట్టి ఉంచింది. తెచ్చేటప్పుడు కూడా విప్పుతానని అనుకోలేదు. విప్పనవసరం రాకూడదని మాత్రం అనుకుంది. కుంటలో సంచి అందరూ చూస్తుండగా తీయాలి. తోట కాలువ కలిసే చోట గూటం పట్టుకుని ముడి విప్పబోయింది. మేకల్ని కట్టినట్టు చాంది వేసిన ముడి. తడికి బిగిసి రాయైపోయింది. గోళ్లు నొప్పి పుట్టాయి. పళ్లతో లాగింది. రాలేదు. గట్టు మీద నవ్వు.

"నడుమ గుంజకు బిడ్డా," గట్టు కింద నుంచి చాంది గొంతు వినబడింది. ఆమెకు ఇటు వైపేమీ కనబడదు. అయినా చెప్పింది. "కొస పట్టు. ఎనుకకు తొయ్యి. మల్ల గుంజు."

ముడి జారిపోయింది.

కవిత రెండు సంచులూ తువ్వాలు మీద పక్కపక్కన పెట్టి, బ్లేడుతో వాగు సంచి కుట్టు కోసింది. బ్లేడు ఆనించే ముందు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ల్యాబులో అయితే దీన్ని జల్లెడ మీద పెట్టి, చుక్క చుక్కగా నీళ్లు వదులుతూ, ఒక్క పురుగూ పోకుండా కడుగుతారు. ఇక్కడ ఎన్నో చేతులు ముందుకు చాచుకుని వచ్చాయి. టేకు ఆకు ఆకులా లేదు. ఈనెలు మాత్రమే మిగిలి, వల అల్లినట్టు, అవతలి మనిషి మొహం కనబడేలా ఉంది. ఈనెల మధ్య సన్నటి పురుగులు మెసులుతున్నాయి. ఒక ముసలామె ఆ ఆకును ఎండకు ఎత్తి చూసి, పెళ్లిచీర అంచులాగుందని పక్కామెకు ఇచ్చింది. ఆమె ఇంకొకరికి ఇచ్చింది. ఆకు ముక్కలై చేతుల్లోనే పోయింది.

తర్వాత కుంట సంచి కోసింది.

అందరూ ఒక్కసారి వెనక్కి జరిగారు. ఆకు ఆకుగానే ఉంది. చెట్టు నుంచి రాలినప్పుడు ఎంత ఉందో దాదాపు అంత. తారులా నల్లగా, జిగటగా, పురుగన్నది లేకుండా. కుళ్లిన గుడ్డు వాసన గుప్పుమంది.

"చూసిన్రా," అన్నాడు దూలయ్య ముక్కు మూసుకుని. "మందు వాసన."

గట్టు మీద కలకలం లేచింది. కింద మేక ఒకటి అరిచింది. కవిత ఆ నల్లటి ఆకును అరచేతిలో పరుచుకుని, గొంతు పెంచకుండా, అందరూ వినడానికి దగ్గరకు రావలసినంత మెల్లగా మాట్లాడింది.

"రెండు ఒకే చెట్టు ఆకులు. ఒకే దినం ముంచినం. వాగుల ఆకును నీళ్లల్ల ఉన్న పురుగులు తిన్నయ్. కంటికి కనపడని జీవాలు గూడ తిన్నయ్. తినేటియి మన లెక్కనే ఊపిరి తీసుకుంటయ్. వాగు నీళ్లల్ల ఊపిరున్నది, తిన్నయ్, బతికినయ్. ఈడ నిలిచిన నీళ్లు, ముందుగాల్నే ఊపిరి తక్కువ, మొన్న ఆ కాస్త గూడ పోయి తినేటియే చచ్చినయ్. అందుకే ఆకు అట్లనే ఉన్నది. నీళ్లకు ఒక్కసారిగ మస్తు తిండి పడ్డది. ఆ తిండి మీద పడ్డ జీవాలు ఊపిరంత గుంజుకున్నయ్. చేపలకు మిగల్లే."

"పెండ్లికి ఊరంత ఒక్కటే బంతిల కూసున్నట్టు," అన్నాడు హీరాలాల్.

"అట్లనే కాకా."

"మరి ఎవరేసిన్రు తిండి?"

కవిత నల్లటి ఆకు ఉన్న చెయ్యి ముందుకు చాపింది. ఈ వాసన ఇంకెక్కడైనా వచ్చిందా అని అడిగింది. కొందరు కాళ్లతో మట్టి గీకారు. ఆ తోటలో కూలికి పోయేవాళ్లు వాళ్లలో సగం మంది.

చెంచురామయ్య ముందుకొచ్చాడు. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, ఆమె అరచేతి మీదికి వంగి వాసన చూశాడు. ఒకసారి చూసి, ఆగి, మళ్లీ చూశాడు. నిటారుగా లేచి తన తోట వైపు, ట్రాక్టరు తిరిగే మలుపు వైపు చూస్తూ ఉండిపోయాడు.

"మా గెలల కుప్ప దగ్గర," అన్నాడు చివరికి. "నాలుగు రోజులుగా ఇదే వాసన." తర్వాత, ఎవరూ ఏమీ అనకముందే, నొచ్చుకున్నట్టు అన్నాడు. "అది ఎరువమ్మా. మందు కాదు గదా. ఆకూ అలమే."

"చాంది కాకి సంచిల గూడ ఆకే రామయ్య గారూ."

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని గట్టు దిగి వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు చాంది పక్కనుంచే పోయాడు. ఒక్క క్షణం ఆగినట్టు కనిపించింది. మేక ఒకటి దారికి అడ్డొస్తే దాన్ని మెల్లగా పక్కకు నెట్టి నడిచాడు. మధ్యాహ్నం నుంచే బురదలో దిగబడుతూ లేస్తూ ట్రాక్టరు చప్పుడు మొదలైంది. చీకటి పడకముందే గెలలన్నీ తోట లోపలికి, చెట్ల మొదళ్లకు చేరాయి. మలుపులో నల్లటి మరక మిగిలింది.

చాందిని గట్టెక్కమని ఎవరూ చెప్పలేదు. పంచాయితీ లేచిపోయాక ముందు మేకలు ఎక్కాయి, వాటి వెనక ఆమె ఎక్కింది. కవిత కుంట ఒడ్డున కూర్చుని నల్లటి చేతులు కడుక్కుంటోంది. చాంది కోసేసిన సంచి గుడ్డ చేతిలోకి తీసుకుని, చిరుగు కలిపి చూసింది. కుట్టుకోవచ్చు అంది. వద్దు కాకీ, ఇక దాంతో పనిలేదు అంది కవిత. చాందికి అర్థమైంది. గుడ్డను నాలుగు మడతలు వేసి, నీళ్లు పిండి, కవిత మోకాలి మీద పెట్టింది.

ఉదయ్ భాస్కర్ తిట్టలేదు. తన మాట కూడా ఆయన తప్పలేదు. ప్రాజెక్టు పొడిగించలేదు. కవిత ఇప్పుడు బూర్గంపాడులో ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్తోంది. పర్మినెంటు ఎప్పుడని నాన్న ఇంకా అడుగుతూనే ఉన్నాడు.

ఆ ఏడు కుంట నిండాక ఒకసారి ఆమె రాళ్లకుంట వెళ్లింది. నీళ్లు తేటబడ్డాయి. దూలయ్య పిలిచి మరీ పలకరించి, కొత్తగా చేపపిల్ల పోశామని చెప్పాడు. చాంది ఇంటి దగ్గర లేదు. ఎక్కడుందని అడిగితే, మంచి మనసుతోనే, నవ్వుతూ చెప్పాడు.

"మందు చాందీనా? రేషన్ కాడికి పోయింది."

రేషన్ దుకాణం ముందు వరుస ఉంది. డీలర్ తలెత్తకుండా, మందు చాందీ, వేలు పెట్టు అన్నాడు. చాంది వేలు పెట్టింది. మిషన్ పట్టలేదు. కొంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టింది. వెనక నిలబడ్డ చిన్నపిల్ల తల్లిని అడుగుతోంది, మందు చాంది దగ్గర మందుంటదా అని. ఉంటది, దగ్గరికి పోకు అని తల్లి నవ్వుతూ చెప్పింది. చాంది వింది. బియ్యం సంచి నెత్తికెత్తుకుని, కవితను చూసి మొహం విప్పారి, మోకాలు ఈడుస్తూ దగ్గరికొచ్చింది. పేరు సంగతి కవిత ఎత్తబోతే పోనీ బిడ్డా అంది. మేకలకైతే ఏ పేరైనా ఒకటే అంది.

అశ్వారావుపేట నుంచి అటు పోయే ఆటో మీరెప్పుడైనా ఎక్కితే, తండా మలుపు దాటాక ఎడమ చేతి వైపు ఒక కుంట వస్తుంది. గట్టు మీద మేకలుంటాయి, వాటి వెనక ఎడమకాలు ఈడుస్తూ ఒక మనిషి ఉంటుంది. ఎవరని అడిగితే ఆటో అతను పేరు చెప్తాడు, దానికి ముందొక మాట తగిలించి. ఆ మాట అక్కడే దింపేయండి. ఆ సంచుల్లో ఉన్నది ఎండుటాకు. ఆమె పేరు చాంది. ఆ ఒక్క పేరుతోనే ఆమెను గుర్తుపెట్టుకోండి.